జట్టులను కట్టినవాడు – బ్రాంచ్ రికీ

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. ఆలస్యము చేసినచో అమృతమైనను విషమగునని చెప్పినవారును ఆ పెద్దలే. ఈ రెండు మాటలలో దేనిని ఎప్పుడు పాటింపవలెనో తెలిసికొనుట సులభము కాదు. అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటకు జట్టులను కూర్చుటయే వృత్తిగా నలుబది సంవత్సరములు గడపిన బ్రాంచ్ రికీకి జీవితాంతమును విడువని చిక్కు ఇదియే.

బేస్‌బాల్ మన మెఱిగిన క్రికెట్టువంటి ఆట. ఒకడు బంతిని విసరును. ఒకడు బ్యాటుతో కొట్టును. కొట్టువాని వెనుక కూర్చుండి బంతిని పట్టువాడు వేరొకడు. రికీ కాలమున ఏప్రిల్ మాసమున పోటీలు మొదలై అక్టోబరున ముగిసెడివి. పిమ్మట మైదానములు నిర్మానుష్యములగును. జట్టునకు జనరల్ మేనేజరుగా ఉన్నవానికి మాత్రము అసలు పని అప్పుడే ఆరంభమగును. అతడు మైదానమున దిగడు, బంతిని ముట్టడు. ఎవరిని ఉంచుకొనవలెను, ఎవరిని పరజట్టున కిచ్చి బదులుగా ఎవరిని తెచ్చుకొనవలెను అను సంగతులను ఆ చలి నెలలలో తేల్చుకొనుచుండును. తొందరపడి ఇచ్చివేసిన యువకుడు మఱు సంవత్సరము ఎదుటి పక్షమున మహావీరుడు కావచ్చును. ఇంకను కొంతకాలము చూతమని ఉంచుకొన్న మహావీరుడు మూలబడవచ్చును. సంతలో ఎద్దుల బేరమాడు రైతునకు ఈ బాధ చక్కగా తెలియును.

రికీయును రైతుబిడ్డయే. 1881వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన ఒహాయో రాష్ట్రమున స్టాక్‌డేల్ అను పల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు దైవభక్తి గలవారు, ధనము లేనివారు. ఆదివారమున ఆటకు పోనని అతడు తల్లికి మాట యిచ్చెను. కొంతకాలము పల్లెబడిలో పాఠములు చెప్పి, పిమ్మట ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయమున చేరి చదువుకొనెను. 1904లో సిన్సినాటి జట్టువారు అతనిని పిలిచి చేర్చుకొనిరి గాని, ఆదివారము ఆడనన్నందున ఒక్క పోటీయైనను ఆడింపకయే పంపివేసిరి.

ఆటగాడుగా అతడు కీర్తి గడింపలేదు. 1907లో న్యూయార్కు జట్టున బంతిని పట్టువాడుగా ఉన్నప్పుడు, భుజము దెబ్బతిని యుండగా, ఒక్క పోటీలో ఎదుటివారు పదుమూడుమారులు అతని కన్నుగప్పి ముందున్న స్థానమునకు పరుగెత్తిరి. 1909లో క్షయవ్యాధి సోకెను. నాడు దానికి మందు లేదు. కొండగాలిలో కదలక మెదలక పండుకొనియుండుటయే చికిత్స. క్షణమైనను కుదురుగా కూర్చుండ నెఱుగని రికీ సారనాక్ సరస్సు చెంతనున్న వైద్యాలయమున ఆ చికిత్సకు లోబడవలసి వచ్చెను. కోలుకొని, మిచిగాన్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1911లో పట్టము పొందెను. పడమటనున్న బాయిసీ పట్టణమున వకీలుగా కూర్చుండెను గాని కక్షిదారులు రాలేదు. కావున మరల బేస్‌బాల్ లోకమునకే తిరిగివచ్చెను.

1917లో రికీ సెయింట్ లూయిస్ కార్డినల్స్ అను జట్టునకు అధ్యక్షుడయ్యెను. ఆ జట్టు పేదరికమున మునిగియుండెను. వచ్చినవారికి కార్యాలయము వెలవెలబోవుచు కనబడకుండుటకై అతడు తన యింటినుండి తివాచీ తెచ్చి పఱపించెనని చెప్పుదురు. చిన్న పట్టణముల జట్టులలో మంచి బాలుడు కనబడి రికీ వాని వెల అడుగగానే, ఆ జట్టువారు ధనికులైన పెద్ద జట్టులకు కబురంపెడివారు. రికీ కన్ను పడినవాడు తప్పక యోగ్యుడని అందఱి నమ్మకము. వెదకుట రికీ వంతును, కొనుట ధనికుల వంతును అయ్యెను.

నారు కొనలేని రైతు తానే నారుమడి పోసికొనవలెను. రికీ అట్లే చేసెను. 1920 ప్రాంతము మొదలు చిన్న పట్టణముల జట్టులను ఒక్కొక్కటిగా కార్డినల్స్ వశము చేసెను. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల బాలురను తక్కువ జీతములకు చేర్చుకొని, ఆ జట్టులలో సంవత్సరముల తరబడి తర్ఫీదు చేయించి, యోగ్యులైనవారిని మెట్టుమెట్టుగా పైకి తెచ్చెను. ఆ చిన్న జట్టులకు ఫారములని, అనగా పొలములని, పేరు వచ్చెను. ఫలము వెంటనే రాలేదు. 1925లో జట్టును మైదానమున నడుపు పనినుండి యజమాని రికీని తప్పించి, రాజర్స్ హార్న్స్‌బీ అను ప్రసిద్ధ ఆటగానికి దానిని అప్పగించెను. మఱుసటి సంవత్సరమే కార్డినల్స్ మొట్టమొదటిసారి ప్రపంచ పోటీని గెలిచిరి. మొక్క నాటినవాడు రికీ, మాల వేయించుకొన్నవాడు హార్న్స్‌బీ. అవమానమును దిగమ్రింగి రికీ కార్యాలయమున తన పని తాను చేసికొనుచుండెను. 1931, 1934, 1942 సంవత్సరములలో కార్డినల్స్ తిరిగి ఆ పోటీ గెలిచిరి.

నారు పోయుట యందు రికీకి ఎంత ఓర్పో, పంట అమ్ముట యందు అంత తొందర. ఆటగానిని ఒక సంవత్సరము ఆలస్యముగా విడుచుటకంటె ఒక సంవత్సరము ముందుగా విడుచుటయే మేలని అతని సిద్ధాంతము. డిజ్జీ డీన్ అను బంతి విసరువాడు 1934లో ముప్పది పోటీలు గెలిచి దేశమంతట మాఱుమ్రోగినవాడు. 1937లో అతని కాలివ్రేలికి బంతి తగిలి ఎముక విఱిగెను. ఆ నొప్పితోనే విసరుటచే భుజమునకు చేటు కలిగెను. అభిమానులు అతడు కోలుకొనునని ఎదురుచూచుచుండిరి. రికీ ఎదురుచూడలేదు. 1938 ఏప్రిల్‌లో, పోటీలు మొదలగు తరుణమున, 1,85,000 డాలర్లకును ముగ్గురు ఆటగాండ్రకును బదులుగా డీన్‌ను షికాగో జట్టున కిచ్చివేసెను. డీన్ ఆ సంవత్సరము కొన్ని పోటీలు గెలిచెను గాని, అతని పూర్వపు వేగము మరల రాలేదు.

ఈ నేర్పును మెచ్చుకొనువారు మఱియొక సంగతి మఱువరాదు. ఆ కాలమున జట్టుతో ఒడంబడిక చేసికొన్న ఆటగాడు, ఆ జట్టు తనంతట తాను విడిచిననే గాని, వేఱొక చోట ఆడరాదు. ఆ కట్టుబాటు 1975 వరకును సడలలేదు. రికీకి వేచియుండు సౌకర్యము అందువలన కలిగినదే. నారుమడిలో నలుగుచున్న బాలునకు అట్టి సౌకర్యము లేదు. అమ్మిన ఆటగాండ్ర వెలలో రికీకి వాటా ఉండెడిదని కూడ చెప్పవలెను. 1938లో బేస్‌బాల్ పాలకుడైన న్యాయమూర్తి లాండిస్, నియమములకు విరుద్ధముగా కట్టివేయబడిరని, కార్డినల్స్ పొలములనుండి డెబ్బదిమందికి పైగా ఆటగాండ్రకు విముక్తి కలిగించెను.

1942 చివర రికీ బ్రుక్లిన్ డాడ్జర్స్ జట్టునకు మాఱెను. అది యుద్ధకాలము. యువకులందఱు సైన్యమున చేరుచుండగా క్రొత్తవారిని తీసికొని ఏమి లాభమని ఇతర జట్టులు చేతులు ముడుచుకొని కూర్చుండెను. రికీ అప్పుడే బాలురను విరివిగా చేర్చుకొనెను. యుద్ధము ఏనాటికైన ముగియును గదా యని అతని లెక్క.

అతని మనస్సున అంతకంటె పెద్ద ఆలోచన యొకటి అప్పటికే ఉండెను. అరువది సంవత్సరములుగా పెద్ద జట్టులలో నల్లజాతివానికి చోటు లేదు. వ్రాతపూర్వకమైన నిషేధము లేకపోయినను, అందఱును దానిని పాటించుచుండిరి. రికీ 1943లోనే తన జట్టు పెద్దలలో ముఖ్యులకు సంగతి తెలిపి, పిమ్మట రెండేండ్లకు పైగా నోరు విప్పలేదు. నల్లజాతివారికై వేఱుగా ఒక జట్టును స్థాపింపబోవుచున్నట్లు ప్రకటించి, ఆ నెపమున తగినవానికై తన మనుషులచే వెదకించెను. జాకీ రాబిన్‌సన్ దొరకెను.

రాబిన్‌సన్ శాంతస్వభావుడు కాడు. 1944లో సైన్యమున ఉన్నప్పుడు, బస్సులో వెనుకకు పోయి కూర్చుండుమన్న ఆజ్ఞను ధిక్కరించి సైనిక విచారణ నెదుర్కొని నిర్దోషిగా బయటపడినవాడు. 1945 ఆగస్టు 28వ తేదీన రికీ అతనిని తన గదికి పిలిపించి దాదాపు మూడు గంటలు మాటలాడెను. హోటలు గుమాస్తావలెను, ఎదుటి జట్టు ఆటగానివలెను నటించుచు, ముందుముందు అతడు వినవలసిన తిట్లన్నియు ఎదుట నిలిచి తిట్టెను. మూడేండ్లపాటు ఎవరేమన్నను బదులు చెప్పరాదని కోరెను. ఎదిరింపకుండుటకు ఎదిరించుటకంటె ఎక్కువ ధైర్యము కావలెనని అతని భావము. రాబిన్‌సన్ ఒప్పుకొనెను. 1946లో మాంట్రియల్ చిన్న జట్టున ఆడి, 1947 ఏప్రిల్ 15వ తేదీన బ్రుక్లిన్ మైదానమున అడుగుపెట్టెను. ఓర్పు వహింపవలెనని నిర్ణయించినవాడు రికీ. ఆ ఓర్పును ప్రతి దినము మైదానమున భరించినవాడు రాబిన్‌సన్. అంతకు ముందు రాబిన్‌సన్ ఆడుచుండిన కాన్సస్ సిటీ మొనార్క్స్ అను నల్లజాతి జట్టునకు రికీ ఒక్క డాలరైనను చెల్లింపలేదు.

సొంత జట్టులోనే కొందఱు రాబిన్‌సన్‌తో కలిసి ఆడుటకు ఇష్టపడలేదు. వారిలో డిక్సీ వాకర్ ముఖ్యుడు. బ్రుక్లిన్ ప్రజలకు అతడనిన ప్రాణము. తనను వేఱొక జట్టునకు పంపుమని 1947 వసంతకాలమున వాకర్ రికీకి లేఖ వ్రాసెను. కోపముతోనో తొందరతోనో ఆనాడే అతనిని వదలించుకొన్నచో, మంచి ఆటగాడు అగ్గువకు పోవుటయే గాక, ప్రజల కోపమంతయు రాబిన్‌సన్ తలపై పడియుండెడిది. రికీ అతనిని ఆ సంవత్సరమంతయు ఉంచుకొనెను. వాకర్ బాగుగనే ఆడెను. రాబిన్‌సన్ తన యోగ్యతను అందఱి కన్నుల ఎదుట నిరూపించుకొనెను. డాడ్జర్స్ తమ లీగున ప్రథమస్థానము పొందిరి.

డిసెంబరు వచ్చెను. వాకర్‌కు ముప్పదియేడేండ్లు నిండినవి. రికీ ఇక ఆగలేదు. వాకర్‌ను, మఱి యిద్దఱు బంతి విసరువారిని పిట్స్‌బర్గ్ జట్టున కిచ్చి, బిల్లీ కాక్స్‌ను, ప్రీచర్ రోను, మఱియొక యువకుని తెచ్చుకొనెను. రో ఆ సంవత్సరము నాలుగు పోటీలు గెలిచి పదునైదు ఓడినవాడు. బ్రుక్లిన్‌వారు పెదవి విఱిచిరి. 1951లో ఆ రోయే ఇరువదిరెండు గెలిచి మూడు మాత్రమే ఓడెను. వాకర్ పిట్స్‌బర్గున రెండేండ్లాడి 1949తో ఆట చాలించెను. తాను వ్రాసిన లేఖకు పిమ్మట చాల విచారించెను.

1950లో రికీ తన వాటాను అమ్ముకొని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టునకు జనరల్ మేనేజరుగా వెళ్లెను. అచ్చట అతని ఓర్పు నవ్వులపాలయ్యెను. మీసములు మొలవని బాలురతో నింపిన జట్టు 1952లో 42 పోటీలు గెలిచి 112 ఓడెను. ప్రజలకు ఇష్టుడైన రాల్ఫ్ కైనర్‌ను 1953లో షికాగోకు ఇచ్చివేయగా ఊరంతయు తిట్టెను. 1955 వరకును జట్టు అట్టడుగుననే ఉండెను.

కాని 1954 నవంబరున ఒక చిన్న సంఘటన జరిగెను. ఎక్కువ బహుమాన మిచ్చి చేర్చుకొన్న బాలుని చిన్న జట్టునకు పంపినచో, సంవత్సరాంతమున ఇతరులు వానిని కోరి తీసికొనవచ్చునని నాటి నియమము. బ్రుక్లిన్‌వారు పోర్టోరికో ద్వీపపు యువకుడు రాబర్టో క్లెమెంటేకు పదివేల డాలర్లిచ్చి, మాంట్రియల్‌లో ఉంచి, ఎక్కువగా ఆడింపక మఱుగుపఱచిరి. రికీ పక్షమున వెదకులాటకు పోయిన క్లైడ్ సూక్‌ఫోర్త్ అతనిని చూచెను. తొమ్మిదేండ్ల క్రిందట రాబిన్‌సన్‌ను రికీ గదికి తోడ్కొనివచ్చినవాడును అతడే. అట్టడుగున నిలిచిన జట్టునకు ఎన్నికలో మొదటి వంతు. ఏండ్ల తరబడి ఓడిన జట్టునకు ఆ ఓటమియే ఉపకారమయ్యెను. నాలుగువేల డాలర్లు చెల్లించి రికీ క్లెమెంటేను తీసికొనెను. తాను ఒకప్పుడు కాపు కాచిన మడినుండియే తీసికొనెను!

1955 చివర రికీ ఆ పదవినుండి తప్పుకొనెను. 1960 అక్టోబరున పిట్స్‌బర్గ్ జట్టు మహాబలిష్ఠులైన న్యూయార్క్ యాంకీలను ఓడించి, ముప్పదియైదేండ్ల పిమ్మట ప్రపంచ పోటీని గెలిచెను. ఆ జట్టున క్లెమెంటేయు, రికీ కాలమున చేరిన మఱికొందఱును ఉండిరి. అప్పటికి జట్టును నడుపుచున్నవాడు జో బ్రౌన్.

1965 నవంబరు 13వ తేదీన మిస్సోరీ రాష్ట్రమున కొలంబియా పట్టణమున తనకు జరిగిన సన్మానసభలో, ధైర్యమును గూర్చి ప్రసంగించుచుండగా రికీ కుప్పకూలెను. మరల స్పృహ రాలేదు. డిసెంబరు 9వ తేదీన, ఎనుబదినాలుగవ ఏడు నిండుటకు పదునొకండు దినముల ముందు, మరణించెను. 1967లో బేస్‌బాల్ కీర్తిమందిరమున అతని పేరు చేర్చిరి. జాకీ రాబిన్‌సన్ పేరు అంతకు అయిదేండ్లకు ముందే, 1962లో, అచ్చట చేరియుండెను.