ఓడిన రోజు ముందు నిలబడ్డ మాస్టారు

సూళ్లూరుపేట దాటి తూర్పుకి తిరిగితే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. రెండువైపులా నీళ్ళు, చలికాలమైతే ఫ్లెమింగోలు. ఆ దారి చివర శ్రీహరికోట, అక్కడ సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం. రాకెట్ లాంచ్ లైవ్‌లో చూసే ప్రతిసారీ ఆ పేరు వింటాం. కానీ ఆ మనిషి గురించి మనకి తెలిసింది తక్కువే. ఆయన మొదటా చివరా ఒక మాస్టారు.

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో ఆయన చదువు కొంచెం వింతగానే సాగింది. మ్యాథ్స్, ఫిజిక్సులతో బీఏ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్. మెకానికల్ వాళ్ళకి సాహిత్యం ఎందుకని మన క్లబ్బుని ఆటపట్టించేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు! అమెరికాలో మిన్నెసోటాలో ఎంఎస్ చేసి, 1951లో కాల్‌టెక్ నుంచి పీహెచ్‌డీ తీసుకుని, అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్సీలో చేరారు. 1962లో దానికి డైరెక్టరయ్యారు.

1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. అప్పుడు ధావన్ కాల్‌టెక్‌లో ఉన్నారు. ఇస్రో బాధ్యత తీసుకోమని ఇందిరాగాంధీ అడిగితే ఆయన రెండు షరతులు పెట్టారు. ఆఫీసు బెంగళూరులో ఉండాలి, ఐఐఎస్సీ డైరెక్టర్ పదవిలో కొనసాగనివ్వాలి. అంటే, రాకెట్ల కోసం కాలేజీని వదులుకోనని చెప్పారన్నమాట. ఆయన హయాంలోనే 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకి టీవీ పాఠాలు అందాయి. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి.

ఇక అసలు పాఠం 1979 ఆగస్టు 10న జరిగింది. మన మొదటి ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి లేచింది. రెండో దశలో కంట్రోల్ వ్యవస్థ దెబ్బతింది. అయిదు నిమిషాలు గడిచేసరికి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం మునిగిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం కుంగిపోయారు. బయట విలేకరులు ఎదురుచూస్తున్నారు.

ఆ తర్వాత జరిగింది కలాం జీవితాంతం చెప్తూ వచ్చారు. ధావన్ ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి, విలేకరులకి తానే సమాధానం చెప్పారు. ఫెయిలయ్యామని దాచకుండా ఒప్పుకున్నారు. తన టీమ్ మీద నమ్మకం ఉందనీ వచ్చే ఏడాది గెలుస్తామనీ చెప్పారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి ధావన్ పక్కకి జరిగి, ప్రెస్‌మీట్ నడపమని కలాంనే పంపారు.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే మాటకి ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక రూపం ఇచ్చింది 1990లో. ఇప్పుడు అది స్కూళ్ళలో నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్తోంది. మంచిదే. కానీ నేను చదివిన బళ్ళో పేపర్లిచ్చే రోజు ఒకటి గుర్తొస్తుంది. మార్కులు కింద నుంచి పైకి చదివేవాళ్ళు. మొదటి పేరు పిలవగానే క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వాను. నైతిక విద్య పీరియడ్ మా టైమ్‌టేబుల్లో కూడా ఉంది. ఆ పీరియడ్లో విన్నదేదీ నాకు గుర్తులేదు, ఆ నవ్వు మాత్రం ఉంది.

పిల్లలు పుస్తకంలోంచి కాకుండా, ఎవరో ఓడిన రోజు పెద్దవాళ్ళు ఏం చేశారో చూసి నేర్చుకుంటారు. తప్పు దాయకపోవడం, తప్పు చేసినవాణ్ణి నలుగురిలో వదిలేయకపోవడం, రెండూ ఒకేసారి చేయొచ్చని ధావన్ చూపించారు. కలాం దాన్ని బళ్ళకీ కాలేజీలకీ మోసుకెళ్ళారు.

ధావన్ 1984 వరకు ఇస్రో ఛైర్మన్‌గా ఉన్నారు. తర్వాత పక్షులు ఎలా ఎగురుతాయో చెప్పే పుస్తకం కూడా రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్ 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఆ రోజు ఉపాధ్యాయ దినోత్సవం.

ఈసారి మిడ్ మార్కులొచ్చినప్పుడు, బ్యాక్‌లాగ్ పడ్డ ఫ్రెండ్ పక్కన ఎవరు నిలబడతారో చూద్దాం. వీలైతే మనమే నిలబడదాం.