వాలుచెక్క మీద సత్యం: గెలీలియో

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు ఒక రోజు రూపాయి బిళ్లనూ, అంతకంటే కాస్త చిన్నగా కత్తిరించిన కాగితం ముక్కనూ ఒకేసారి వదిలారు. బిళ్ల ముందు పడింది. బరువైనది కాబట్టి అన్నాం అందరం. ఆయన మారు మాట్లాడకుండా కాగితాన్ని బిళ్ల మీద పెట్టి మళ్లీ వదిలారు. ఈసారి రెండూ కలిసే నేలకు చేరాయి. కాగితాన్ని ఆపింది గాలే తప్ప తేలికదనం కాదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే ఆయన గెలీలియో కథ చెప్పారు.

గెలీలియో 1564లో ఇటలీలోని పీసా నగరంలో పుట్టాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. కొడుకును వైద్యం చదవమని పంపితే అతని మనసు గణితం మీదికి పోయింది. పట్టా లేకుండానే చదువు మానేశాడు. అయినా 1589లో అదే పీసా విశ్వవిద్యాలయంలో గణితం బోధించే ఉద్యోగం దొరికింది. 1592లో పాడువాకు మారి అక్కడ 18 ఏళ్లు పాఠాలు చెప్పాడు.

బరువైన వస్తువు వేగంగా పడుతుందని అరిస్టాటిల్ కాలం నుంచీ పండితుల నమ్మకం. పీసా గోపురం మీంచి గెలీలియో గుండ్లు వదిలాడన్న కథను చరిత్రకారులు చాలామంది నమ్మరు. అతను నిజంగా చేసిన పని అంతకంటే గొప్పది. పడే వస్తువు వేగాన్ని కొలిచే గడియారం ఆనాడు లేదు. అందుకే పడటాన్నే నెమ్మది చేశాడు. సుమారు 7 మీటర్ల చెక్కకు నున్నని గాడి తీసి, వాలుగా నిలిపి, కంచు గుండును దొర్లించాడు. పాత్రలోంచి సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని లెక్కగట్టాడు. పూర్తి దూరానికి పట్టే కాలంలో సగం కాలానికి గుండు నాలుగో వంతు దూరమే పోయింది. అంటే దూరం కాలవర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎన్నిసార్లు చేసినా అదే లెక్క.

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో మతన్యాయస్థానం శిక్ష వేసింది. మిగిలిన జీవితమంతా గృహనిర్బంధమే. మరుసటి ఏడు ప్రాణప్రదమైన పెద్ద కూతురు చనిపోయింది. చూపూ క్షీణిస్తూ వచ్చింది. అయినా ఆ వాలుచెక్క లెక్కలన్నీ పుస్తకంగా రాశాడు. అది 1638లో హాలండులోని లైడెన్‌లో అచ్చయింది. 1642 జనవరి 8న కన్నుమూశాడు. 1971లో అపోలో 15 వ్యోమగామి గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ కలిపి వదిలితే రెండూ ఒక్కసారే పడ్డాయి.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమివ్వాలని మనం చర్చించుకుంటున్నాం. కంప్యూటర్లు ఇద్దాం, తప్పదు. వాటి పక్కనే గాడి తీసిన పొడవాటి చెక్క ఒకటి, గోళీలు నాలుగు, అడుగున చిల్లున్న డబ్బా ఒకటి కూడా పెడదాం. వాటికి తాళం మాత్రం వేయవద్దు. పెద్దలు చెప్పారని నమ్మేసే పిల్లలు కాక, దొర్లించి చూశాకే ఒప్పుకునే పిల్లలు మన బడి నుంచి ఇంకా రావాలి.