యల్లాప్రగడ సుబ్బారావు: బోదకాలు గోలీ వెనక ఉన్నది మన తెలుగోడే.. ఏటా మింగుతున్నాం, పేరు మాత్రం తెలీదు!

కరీంనగర్ పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఇచ్చే బోదకాలు గోలీ.. ఆదిలాబాద్ ఏజెన్సీలో గర్భిణులకు ఇచ్చే రక్తం గోలీలోని ఫోలిక్ యాసిడ్.. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఎక్కించే మెథోట్రెక్సేట్.. ఈ మూడింటికీ ఒక లింక్ ఉంది. మూడింటి వెనకా ఒకే తెలుగు శాస్త్రవేత్త కనిపిస్తాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కణం బతకడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? చెడ్డ కణాన్ని చంపాలంటే ఏం చేయాలి? ఒంట్లో చేరిన పురుగును మన రోగనిరోధక శక్తికి ఎలా పట్టివ్వాలి? ఇవాళ ప్రపంచంలోని పెద్ద పెద్ద ల్యాబులు తవ్వుతున్న ఈ ప్రశ్నల దగ్గర ఆయన 1920ల నుంచే పని చేశారు. 53 ఏళ్లకే కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ సొంతగడ్డ చూడలేదు.

పదమూడేళ్లకే ఇంట్లోంచి పరార్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారు. నిడదవోలు దాకా వెళ్లేసరికి ఇంట్లోవాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చారు.

చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కారు. సన్యాసం మీద మనసుపడి రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నారు. చదువు ఖర్చులో పెద్ద భాగం పిల్లనిచ్చిన మామ, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణ మూర్తి భరించారు. 1919లో శేషగిరితో పెళ్లయింది.

ఖద్దరు కోటు తెచ్చిన తంటా

అది గాంధీజీ విదేశీ వస్త్రాలు వదలమని పిలుపునిచ్చిన కాలం. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు కోటు వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం.. పరీక్షలు బాగా రాసినా పూర్తి స్థాయి ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో సర్కారు కొలువు దారి మూసుకుపోయింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ బతికారు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో ఆయన బయటపడ్డారు.

పగలు చదువు.. రాత్రి బెడ్‌పాన్లు కడిగే పని

1920ల మొదట్లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా కోసం చేరారు. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం.. ఈ రెండే ఆధారం. స్కాలర్‌షిప్ రాలేదు. దాంతో ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేరి రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగారు. ఇండియాలో డాక్టర్ చదువు చదివిన మనిషి అక్కడ చేసిన మొదటి ఉద్యోగం అది!

డిప్లొమా తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. అక్కడి నుంచి ఆయన పని ప్రపంచానికి తెలియడం మొదలైంది. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి తెచ్చారు. అదే ఫిస్కే-సుబ్బారావు మెథడ్. తర్వాత దశాబ్దాల పాటు బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ల్యాబ్‌లో చేస్తూనే ఉన్నారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు.

ఏటీపీ అంటే ఏంటి? ఎందుకంత ముఖ్యం?

ఏటీపీ అంటే కణానికి చేతి ఖర్చు డబ్బు లాంటిది. తిన్న అన్నం నేరుగా పనికిరాదు, ఏటీపీగా మారితేనే కణం వాడుకోగలదు. గుండె కొట్టుకోవాలన్నా, చెయ్యి లేవాలన్నా అదే ఖర్చవుతుంది. ఇంకో విషయం.. కణం ఒక పద్ధతి ప్రకారం తనంతట తాను చనిపోవడానికి కూడా ఏటీపీ కావాలి. అది అయిపోతే కణం పగిలి, లోపలిదంతా బయట పడి చుట్టూ వాపు తెస్తుంది. కణ మరణం మీద ఇప్పుడు జరిగే ప్రయోగాల్లో ఏటీపీని లెక్కలోకి తీసుకోకుండా ముందుకెళ్లలేరు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు మారారు. కొద్ది కాలానికే అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు

లెడర్లీలో ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. అంతకుముందు కాలేయం నుంచి చుక్క చుక్కగా తీయాల్సిన విటమిన్ ఇప్పుడు కిలోల కొద్దీ తయారుచేసే వీలు కలిగింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఇది మందు. తన ఇంట్లో ఇద్దరిని బలి తీసుకున్న జబ్బుకు పాతికేళ్లు తిరక్కుండానే ఆయన టీమ్ నుంచే మందు వచ్చింది.

ఇప్పుడు అదే విటమిన్ ఐరన్‌తో కలిపి ప్రతి పీహెచ్‌సీలో దొరుకుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉన్న గిరిజన కుటుంబాలకు ఫోలిక్ యాసిడ్ మరీ అవసరం. ఎర్ర కణాలు త్వరగా చచ్చిపోతుంటే కొత్తవి తయారు కావడానికి ఇది కావాలి.

తాళం లాంటి తాళం కాదు.. క్యాన్సర్‌కు దొంగ తాళం

కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. మరి క్యాన్సర్ కణాలకు అది అందకుండా చేస్తే? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి, పని మాత్రం చెడగొట్టే రసాయనాలను సుబ్బారావు టీమ్ తయారు చేసింది. అందులో ఒకటి అమైనోప్టెరిన్. బోస్టన్ పిల్లల ఆసుపత్రి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంతవరకు ఆ పిల్లలకు చావు తప్ప దారి లేదు. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్. ఇవాళ పిల్లల లుకేమియాలోనే కాదు, కీళ్లవాతంలోనూ వాడుతున్నారు. కీళ్లవాతంలో తక్కువ డోసుతో, దారి తప్పిన రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టడానికి ఇస్తారు.

బోదకాలు గోలీ కథ ఇదీ..

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెతికే పనిలోంచి 1947లో డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది. హెట్రజాన్ పేరుతో అమ్మారు. మన దగ్గర డీఈసీ గోలీ అంటారు.

ఇది పని చేసే తీరు విచిత్రం. గాజు గిన్నెలో ఉన్న పురుగు పిల్లల మీద పోస్తే పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం అవి మన రక్షక కణాలకు దొరికిపోతాయి. అంటే చంపడంలో సగం పని మన రోగనిరోధక శక్తిదే. అందుకే గోలీ వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. పురుగు పిల్లలు చస్తున్నప్పుడు శరీరం ఇచ్చే సిగ్నల్ అది. సాధారణంగా రక్తంలో అవి ఉన్నవాళ్లలోనే ఇది ఎక్కువ.

ఉమ్మడి కరీంనగర్ చాలా ఏళ్లుగా బోదకాలు ప్రభావిత జిల్లా. అక్కడ ఏటా గోలీలు పంచినప్పుడు జ్వరమొస్తుందన్న భయంతో చాలామంది తీసుకుని పక్కన పడేస్తుంటారు. కానీ కాలు ఒకసారి గట్టిగా వాచాక గోలీతో మామూలు కాదు. ముందే పురుగు పిల్లలను తగ్గిస్తే క్యూలెక్స్ దోమ మరొకరికి మోసుకెళ్లడానికి ఏమీ ఉండదు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఈ గోలీ ఇవ్వరు. మిగతావాళ్లు అన్నం తిన్నాక, సిబ్బంది ముందే మింగాలి.

వాట్సాప్‌లో తిరిగేదాంట్లో ఎంత నిజం?

టెట్రాసైక్లిన్ కూడా సుబ్బారావే ఒంటరిగా కనిపెట్టారని పోస్టులు తిరుగుతుంటాయి. అది పూర్తి నిజం కాదు. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టింది లెడర్లీలో పని చేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనను నడిపించిన డైరెక్టర్ సుబ్బారావు. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ ఆ తర్వాత వేరే కంపెనీలో వచ్చాయి. ఏటీపీ కూడా అంతే. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా గుర్తించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా సుబ్బారావు స్థాయి ఏమాత్రం తగ్గదు.

తిరిగి రాని మనిషి.. ఎదురుచూసిన ఇల్లాలు

1948 ఆగస్టు 9న న్యూయార్క్‌లోని తన గదిలో సుబ్బారావు నిద్రలోనే చనిపోయి కనిపించారు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే. ఆరియోమైసిన్ మార్కెట్లోకి వచ్చిన ఏడాదే. ఆయన అమెరికా వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. పాతికేళ్లు ఎదురుచూసిన శేషగిరికి భర్త మళ్లీ కనిపించలేదు. అన్నేళ్లు అక్కడ ఉన్నా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసెస్ అని పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో మన పోస్టల్ శాఖ స్టాంప్ వేసింది.

ఆ దారిలో ఇప్పుడు ఎవరు?

కాకతీయ, ఉస్మానియా యూనివర్సిటీల్లో చదివిన కన్నెగంటి తిరుమలాదేవి ఇప్పుడు అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో కణ మరణంపై పని చేస్తున్నారు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కణాలు చచ్చే మూడు దారులు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయని, దానికి పానాప్టోసిస్ అని ఆమె టీమ్ పేరు పెట్టింది. ఆ ఆసుపత్రిలో లుకేమియా పిల్లలకు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.