కలాన్ని నమ్ముకున్న కవి – గుర్రం జాషువ



జాషువ పద్యాలు మనం తెలుగు వాచకంలో చదువుకున్నాం. ప్రతిపదార్థం రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పద్యాలు రాసిన మనిషి రాయడం ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరు నేర్పారు, రాస్తూ ఇల్లు ఎట్లా గడుపుకున్నాడు అనేది పరీక్షలో ఎవరూ అడగరు. మనలాంటి వాళ్లకు అసలు కావలసింది అదే అని నా అభిప్రాయం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. మన హాస్టల్‌లో చాలామందిది ఇదే పరిస్థితి. కవిత్వం, కథలు రాయడం పుస్తకాలున్న ఇళ్ల వాళ్ల పని అనే మాట మన మనసులో ఎక్కడో నాటుకుని ఉంటుంది. ఆ మాట తప్పని తన బతుకుతో చూపించిన మనిషి జాషువ.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. మన నల్లగొండ జిల్లా నుంచి కృష్ణ దాటితే పల్నాడు. ఆ పల్నాటి ప్రాంతపు ఊరే వినుకొండ. తండ్రి వీరయ్య యాదవ కులం నుంచి, తల్లి లింగమ్మ మాదిగ కులం నుంచి వచ్చినవారు. ఇద్దరూ క్రైస్తవ మతంలో ఉన్నారు. కులాలు వేరైన దంపతుల బిడ్డ కావడంతో చిన్నప్పటి నుంచే చిన్నచూపు ఎదురైంది. మతం మారినా ఊళ్లో అంటరానితనం మారలేదు. బడిలో కూడా అవమానాలు తప్పలేదు.

చిన్నతనంలో ఆయనకు బొమ్మలు గీయడం, పాటలు పాడడం ఇష్టం. పద్యం మీద ఆసక్తి పెరగడానికి కారణం ఒక స్నేహం. తర్వాతి కాలంలో కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయన బాల్యమిత్రుడు. ఇక గురువు సంగతి. ఆ రోజుల్లో అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పేవారు ఎంత అరుదో వేరే చెప్పనక్కరలేదు. అయినా జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర ఆయన కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. సమాజం మొత్తం తలుపు మూసినా, ఒక స్నేహితుడు, ఒక గురువు తెరిచిన కొద్ది సందులోంచి ఆయన లోపలికి వెళ్లారు.

కానీ విద్య వచ్చినంత మాత్రాన గౌరవం రాలేదు. ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగింది. జాషువ తాను రాసిన పద్యాలు అక్కడ చదివారు. పద్యం ఎట్లా ఉందని చూడకుండా, ఈ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. అంత అవమానం జరిగితే మరొకరైతే కలం పక్కన పెట్టేవారేమో. ఆయన పెట్టలేదు.

ఇప్పుడు బువ్వ సంగతికి వద్దాం. 1910లో, అంటే 15 ఏళ్లకే, ఆయనకు పెళ్లయింది. మిషన్ బడిలో కొద్ది జీతానికి పంతులుగా చేరారు. ఆ కొలువు పోయాక 1915–16లో రాజమండ్రి వెళ్లి సినిమా వాచకుడిగా పనిచేశారు. ఈ ఉద్యోగం గురించి మన తరానికి తెలియదు. అప్పటి సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మ కదులుతుంటే ఒక మనిషి కథను, సంభాషణలను బిగ్గరగా చెబుతుండాలి. టికెట్టు కొని వచ్చిన వాళ్లలో చదువు రానివారే ఎక్కువ. వాళ్లకు వెంటనే అర్థం కావాలి, మనసుకు తగలాలి. జాషువ పద్యం వినగానే అర్థం కావడానికి ఆ కొలువు కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది.

తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు 10 ఏళ్లు పనిచేశారు. ఉభయభాషా ప్రవీణ పాసై, 1928 నుంచి 1942 వరకు తెలుగు పండితుడిగా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడి ఉద్యోగం చేశారు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. చూడండి మిత్రులారా, కవి చక్రవర్తి అనిపించుకున్న మనిషి ఎన్ని కొలువులు చేశారో! ఇల్లు గడవడానికి ఉద్యోగం చేశారు. ఉద్యోగం ఉంది కదా అని రాయడం ఆపలేదు.

రచయితకు రావలసిన కూలి గురించి ఆయనకు ఎంత పట్టింపు ఉందో 1932లో వచ్చిన ఫిరదౌసి కావ్యం చెబుతుంది. ఫిరదౌసి పర్షియా దేశపు కవి. కావ్యం రాస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మద్ ఆశపెట్టాడని, ఏళ్ల తరబడి కష్టపడి రాసి తెస్తే వెండి నాణేలు పంపాడని కథ. చివరికి బంగారం పంపేసరికి కవి కన్నుమూశాడు. జాషువ ఎంచుకున్నది రాజు విజయాలను కాదు, రాజు చేతిలో మోసపోయిన పనివాడి దుఃఖాన్ని. ఎండలో పనిచేసి కూలి కోసం దొర గడప ముందు నిలబడిన తాతలున్న మనకు ఆ కథ వేరే వివరించనవసరం లేదు.

1941లో గబ్బిలం వచ్చింది. తాను గురువు దగ్గర చదువుకున్న మేఘసందేశాన్ని ఆయన ఇక్కడ వాడుకున్నారు. కాళిదాసు కావ్యంలో యక్షుడు దూరాన ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో ఆకలితో ఉన్న అంటరాని మనిషి, గబ్బిలంతో ఈశ్వరుడికి తన గోడు చెప్పి పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? ఆ మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. పై కులాల పండితులు గొప్పగా చెప్పుకునే కావ్య పద్ధతిని పూర్తిగా నేర్చుకుని, దాంతోనే తనవాళ్ల బాధను వాళ్ల ముందు పెట్టారు. ఛందస్సులో తప్పు పట్టే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఆయన నేర్చుకున్న విద్యకు ఇంతకు మించిన ప్రయోజనం ఏముంటుంది?

ఆయన శ్మశానం పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులోకి ఎక్కాయి. పుస్తకం ముట్టనివాళ్లు కూడా రాత్రంతా మేలుకుని ఆ పద్యాలు విన్నారు. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అవి రాసింది ఎవరో చాలామందికి తెలియకపోయినా పద్యం మాత్రం ఊరూరా తిరిగింది.

దెబ్బలు ఒకవైపు నుంచే రాలేదు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ విషయాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు. అటు కులం అడ్డం, ఇటు మతం అడ్డం. ఆయన ఎవరి మెప్పు కోసమూ తన విషయాన్ని మార్చుకోలేదు. దేవుణ్ణి నమ్మారు, మూఢాచారాలను నమ్మలేదు. ముంతాజ్ మహల్ రాశారు, బాపూజీ రాశారు. 1958లో క్రీస్తు చరిత్ర కూడా రాశారు. ఎవరో ఆజ్ఞాపిస్తే కాదు, తన ఇష్టంతో, తన పద్యంలో రాశారు. ఆ పుస్తకానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. అవధానాలకు పేరుమోసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తన చేతులతో జాషువ కాలికి గండపెండేరం తొడిగారు. యౌవనంలో అవధాన సభలోకి రానివ్వొద్దన్న మనిషికి, ఆ విద్యలో పెద్దవారు చేసిన గౌరవం అది. ఆయన కుమార్తె హేమలతా లవణం కూడా తండ్రి దారిలోనే మనుషుల వైపు నిలబడ్డారు. స్టూవర్టుపురంలో ఆమె చేసిన సేవ, మన తెలంగాణలో జోగిని దురాచారానికి వ్యతిరేకంగా ఆమె చేసిన కృషి మరువరానివి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రాయాలనుకునేవాళ్లు మన హాస్టల్‌లో తప్పకుండా ఉన్నారు. ముందు భాషను గట్టిగా నేర్చుకోండి. పెద్ద పుస్తకాలు మనవి కావని వదిలేయకండి. డిగ్రీ చదవండి, ఉద్యోగం తెచ్చుకోండి, అమ్మానాన్నలకు ఆసరా అవ్వండి. రాయడం మాత్రం ఆపకండి. ఏం రాయాలో మీ బతుకు చెబుతుంది, ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఈసారి సెప్టెంబరు 28న దండ వేసి ఊరుకోకుండా, మన గోడపత్రికలో ప్రతి గది నుంచి ఒక్కరైనా సొంతంగా ఒక పేజీ రాద్దాం. జాషువకు మనం చేయగలిగిన నివాళి అదే.

జై భీమ్!