ప్రతి క్వెరీ వెనక కాడ్

డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం రాసే ప్రతి క్వెరీ వెనక ఎడ్గర్ కాడ్ ఉన్నారు. 1923లో ఇంగ్లాండ్‌లో పుట్టారు. యుద్ధంలో విమానాలు నడిపారు, తర్వాత అమెరికా వెళ్ళి ఐబీఎంలో చేరారు.

అప్పట్లో డేటా ఎక్కడుందో, ఏ దారిలో వెళ్ళాలో ప్రోగ్రామరే రాయాలి. టేబుళ్ళలో పెడితే ఏం కావాలో అడిగితే చాలని 1970లో కాడ్ ఒక పేపర్‌లో చూపించారు. ఐబీఎం అప్పటికే ఐఎంఎస్ అమ్ముతోంది, వెంటనే పట్టించుకోలేదు. చివరికి ఎస్‌క్యూఎల్ పుట్టింది ఆయన మోడల్ మీదే. 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2003లో చనిపోయారు.

మా జంగారెడ్డిగూడెం పొగాకు వేలానికి రిపోర్ట్ పేజీ రాయాల్సి వస్తే, నేను రైతు పేరుని క్వెరీలో అతికించను, పారామీటర్‌గా పంపుతాను. లేకపోతే బాక్సులో ఎవరో కొట్టిన అక్షరాలే కమాండ్ అయిపోయి టేబులే పోవచ్చు. రిపోర్ట్ లాగిన్‌కి చదివే పర్మిషన్ మాత్రమే ఇస్తాను. అందులో ఉన్నది రైతు ఏడాది కష్టం కదా.