ఫ్లోరెన్స్ కెల్లీ (1859–1932)



మనము బజారులో చొక్కా కొనేటప్పుడు గుడ్డ ఎలాంటిదో, ధర ఎంతో చూస్తాము. దానిని ఎవరు కుట్టారో, ఏ గదిలో కూర్చుని కుట్టారో అడగము. ఆ ప్రశ్నను జీవితమంతా అడిగిన ఒక అమెరికా స్త్రీని గూర్చి ఈ సంచికలో వ్రాస్తున్నాము.

ఫ్లోరెన్స్ కెల్లీ 1859లో ఫిలడెల్ఫియా నగరములో పుట్టారు. తండ్రి విలియం కెల్లీ అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. తోబుట్టువులలో అయిదుగురు ఆడపిల్లలు చిన్నతనములోనే చనిపోయారు. ఆమెకు పన్నెండేండ్ల వయసులో తండ్రి పశ్చిమ పెన్సిల్వేనియాలోని ఉక్కు, గాజు కర్మాగారములను రాత్రివేళ చూపించారు. పెద్దవారు ఆ కొలిమి వెలుగును చూచి ఆశ్చర్యపడుతుంటే, ఈ పిల్ల మాత్రము తనకన్నా చిన్నవారైన బాలురు అర్ధరాత్రి అక్కడ పని చేయడం చూచింది. అమ్మమ్మ వరుసైన సారా ప్యూ క్వేకరు సంఘస్థురాలు. బానిసల చెమటతో వచ్చినవని ఆమె చక్కెర తినేది కాదు, నూలుబట్ట కట్టేది కాదు. ఆ ముసలమ్మ పట్టుదల మనుమరాలికి వచ్చిందని మా అభిప్రాయము.

కార్నెల్‌లో చదువు ముగించిన తరువాత, స్త్రీ అన్న కారణముతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము పైచదువుకు చేర్చుకోలేదు. ఆమె స్విట్జర్లాండు వెళ్లి జూరిక్‌లో చదివారు, అక్కడే ఒక రష్యా వైద్య విద్యార్థిని వివాహమాడారు. ఆ కాపురము సుఖముగా సాగలేదు. భర్త చేయి చేసుకొనేవాడు. 1891 చివరలో ముగ్గురు బిడ్డలతో షికాగో చేరి, జేన్ ఆడమ్స్ నడిపే హల్ హౌస్‌లో ఆశ్రయము పొందారు.

హల్ హౌస్ చుట్టూ ఉన్న వీధులే ఆమెకు పని చూపించాయి. పెద్ద వర్తకులు కత్తిరించిన గుడ్డను మేస్త్రీలకిచ్చేవారు, మేస్త్రీలు దానిని వలసవచ్చిన పేదల ఇళ్లకు పంచేవారు. కూలి రోజుకు కాదు, ముక్కకు ఇంత అని. వంట, నిద్ర, కుట్టుపని అన్నీ ఒకే గదిలో. చిన్నపిల్లలు బొత్తాములు కుట్టేవారు, టాకాలు ఊడదీసేవారు. షోలాపురములో మన తెలుగు స్త్రీలు ఇంటిలో బీడీలు చుట్టి లెక్కన కూలి తెచ్చుకోవడం ఎరిగిన పాఠకులకు ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు.

కెల్లీ గారు మెట్లెక్కి గది గదికీ వెళ్లి లెక్కలు వ్రాశారు. ఆ లెక్కల బలముతోనే 1893లో ఇల్లినాయ్ రాష్ట్రము చట్టము చేసింది. పదునాలుగేండ్ల లోపు పిల్లలను కర్మాగారములలో పెట్టకూడదు, స్త్రీలకు రోజుకు 8 గంటలకు మించి పని ఉండకూడదు, నివాసపు గదులలో బయటివారిని పెట్టి బట్టలు కుట్టించకూడదు. గవర్నరు ఆల్ట్‌గెల్డ్ ఆమెనే ప్రధాన తనిఖీ అధికారిగా నియమించారు. ఆమె క్రింద పదకొండుగురు పనివారు. నేరస్థులపై కేసులు నడపడానికి ప్రభుత్వ న్యాయవాది శ్రద్ధ చూపకపోతే ఆమె రాత్రి తరగతులకు వెళ్లి తానే న్యాయశాస్త్రము చదివారు.

1894లో షికాగోలో మశూచి వచ్చింది. మన పెద్దలు అమ్మవారు అని భయపడిన జబ్బే అది. పని పోతుందని కుటుంబాలు రోగులను దాచాయి. రోగి ఉన్న ఇంటిలోనే కోట్లు కుట్టబడి అంగళ్లకు పోతున్నాయి. ఆరోగ్యశాఖ మందకొడిగా ఉన్నది. కెల్లీ గారు, ఆమె సహాయకులు ఇంటింటికి తిరిగి, ఆ బట్టలను తగులబెట్టవలెనని పట్టుబట్టారు, చూచినదంతా ప్రత్యేక నివేదికగా అచ్చువేయించారు. ధనికుల ఇళ్లకు ఆ కోటుతోపాటు మశూచి కూడా రావచ్చునని తెలిసిన తరువాతనే చాలామందికి పేదవాని గది కనబడింది. ఇది విచారకరమైన సంగతే.

1895 మార్చిలో రాష్ట్ర సుప్రీం కోర్టు 8 గంటల నిబంధనను కొట్టివేసింది. తన శ్రమను ఇష్టమైనన్ని గంటలు అమ్ముకొనే స్వేచ్ఛ స్త్రీకి ఉన్నదట! ఆ స్వేచ్ఛ ఎవరికి లాభమో మేము చెప్పనవసరము లేదు. 1897లో క్రొత్త గవర్నరు ఆమెను తొలగించి, బాలురను ఎక్కువగా పనిలో పెట్టుకొన్న ఒక గాజు కంపెనీ మనిషిని ఆ స్థానములో కూర్చోబెట్టారు.

1899లో ఆమె న్యూయార్కు వెళ్లి జాతీయ వినియోగదారుల లీగ్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేవరకు, అనగా 33 సంవత్సరములు, ఆ పదవిలో ఉన్నారు. పిల్లలను పెట్టక, చట్టమును మీరక, తన సొంత కర్మాగారములోనే కుట్టించిన యజమాని సరుకుకు లీగ్ తెల్ల లేబిల్ ఇచ్చేది. ఆ గుర్తు చూచి కొనండని గృహిణులకు ఊరూరా తిరిగి బోధించారు. 1908లో ఆరెగాన్ రాష్ట్రపు స్త్రీల పనిగంటల చట్టమును అమెరికా సుప్రీం కోర్టు సమర్థించింది. ఆ కేసుకు సాక్ష్యాధారములు పోగుచేసినది ఈ లీగే. అయితే బాలకార్మికులను గూర్చి 1916లో దేశమంతటికి చేసిన చట్టము 1918లో, స్త్రీల కనీస వేతన చట్టము 1923లో అదే కోర్టులో పడిపోయాయి. అప్పటికి ఆమెకు అరువది దాటింది. అయినా ప్రయాణములు మానలేదు.

1932 ఫిబ్రవరి 17న ఆమె మరణించారు. లీగ్‌లో ఆమెవద్ద పని నేర్చుకొన్న ఫ్రాన్సెస్ పెర్కిన్స్ మరుసటి సంవత్సరము అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనము, బాలకార్మిక నిషేధము దేశమంతటికి చట్టమయ్యాయి. పొలము కూలీలను, ఇంటి పనివారిని మాత్రము ఆ చట్టము వెలుపలనే ఉంచింది.