లాయెనెక్ పండితుడు

ఉబ్బసరోగి ఱొమ్మున వినవచ్చు సన్నని యీలవంటి ధ్వనికి మన పల్లెలయందు పిల్లికూతలని పేరు. ఆ పేరు పెట్టినది వైద్యులు కారు, జనసామాన్యము. చెవికి తోచినదానికి లోకానుభవమునుండి పేరు తెచ్చు ఆ పనినే శాస్త్రముగా నొనర్చినవాడు ఫ్రాన్సుదేశీయుడగు రెనే లాయెనెక్. వైద్యుని మెడలో స్టెతస్కోపును చూడనివారు మనలో నరుదు. దానిని కల్పించినవాని చరిత్రము నెఱిగినవారు కొలదిమందియే.

ఈయన 1781వ సంవత్సరమున ఫ్రాన్సు పశ్చిమతీరమందలి కెంపేరు పట్టణమున జన్మించెను. ఐదవయేటనే తల్లి గతించెను. ఆమెను హరించినది క్షయయే యని చరిత్రకారులు తలంతురు. నాంతు నగరమున వైద్యుడుగానున్న పినతండ్రి యింట పెరిగి, 1801లో పారిసు చేరి, నెపోలియను చక్రవర్తికి వైద్యుడైన కోర్విసారునకు శిష్యుడయ్యెను. ఆ కాలమున రోగనిర్ణయమునకు ముఖ్యాధారము రోగి చెప్పుకొను మాటయే. ఱొమ్మును వ్రేళ్లతో తట్టి చూచు పద్ధతిని వియన్నా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గరు 1761లోనే ప్రకటించినను లోకము దానిని లక్ష్యపెట్టలేదు. కోర్విసారు 1808లో ఆ గ్రంథము ననువదించి పునరుద్ధరించెను.

1816లో లాయెనెక్ నెక్కరు వైద్యశాలయందు వైద్యుడుగా నియుక్తుడయ్యెను. హృద్రోగముతో నొక యువతి ఆయనకడకు వచ్చెను. స్థూలకాయురాలగుటచే తట్టి చూచుట నిష్ఫలమయ్యెను. ఱొమ్మునకు చెవి యానించుట మర్యాద కాదు. అంతట ఆయన కొన్ని కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె ఱొమ్మున, వేఱొకకొనను తన చెవియొద్ద నుంచెను. గుండెచప్పుడు స్పష్టముగా వినబడెను. ఆ కాగితపు గొట్టమే పిదప కొయ్యగొట్టమయ్యెను. గ్రీకుభాషయందలి ఱొమ్ము, చూపు అను నర్థములుగల పదములను కూర్చి దానికి స్టెతస్కోపని పేరుపెట్టెను.

మన శాస్త్రములు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు పరీక్షలను చెప్పినవి. సుశ్రుతుడు చెవిని సైతము పరీక్షాసాధనముగా గ్రహించెను. కాని ఱొమ్మునందలి ధ్వనులను విడదీసి, ఒక్కొక్కదానికి పేరు పెట్టి, రోగి మరణించినపిమ్మట శవమును పరీక్షించి, ఏ ధ్వనికి ఏ వికారము కారణమో తార్కాణించిన కీర్తి లాయెనెక్‌ది. 1819లో ప్రకటించిన గ్రంథమున ఆయన వాడిన ఉపమానములు వంటయింటివి, పెరటివి. ఒక ధ్వని వేడిపాత్రలో చిటపటలాడు ఉప్పు; ఒకటి చిన్నపక్షుల కిచకిచ; ఒకటి మేకయఱపు. కాలేయము గట్టిపడి పసుపువన్నె దాల్చు వ్యాధికి నేటికిని వాడుకలోనున్న సిరోసిస్ అను పేరును ఆయన పెట్టినదే.

ఈ పేరులలో నొకటి ఆయనకు చిక్కు తెచ్చెను. శ్వాసధ్వనులకు ఆయన వాడిన రాల్ అను ఫ్రెంచిమాటకు ప్రజల నోట మరణకాలమందలి గురగుర యని యర్థము. ఎగశ్వాస యను మాట వైద్యుని నోట వెడలినచో మన యిండ్లలో ఏమగునో పాఠకు లెఱుగుదురు. మంచముచెంత ఆ మాట పలికిన రోగి బెదరునని, ఆయన దానికి మాఱుగా రాంకస్ అను లాటిన్‌పదమును వాడెను. ఇది కరుణతో చేసిన పని. కాని ఒకే యర్థముగల యీ రెండు పదములను తరువాతి వైద్యులు రెండు వేఱు ధ్వనులకు పేరులుగా గ్రహించిరి. ఆ గందరగోళము నూఱేండ్లకు పైగా సాగెను. రోగికి తెలియరాదని మఱుగుపఱచిన మాట తుదకు వైద్యులకే తెలియకపోయెను.

ఆయన పరిశోధనలో ప్రధానస్థానము క్షయరోగమునదే. దేహమున పలుచోట్ల పలురూపములతో కానవచ్చు ఆ వ్యాధి యొక్కటియే యని ఆయన నిర్ధరించెను; దానికి మూలమైన సూక్ష్మజీవిని కాక్ పండితుడు కనుగొనినది 1882లోగాని కాదు. ఇంతలో ఆ రోగమే ఆయనను పట్టెను. 1826లో పారిసు విడిచి స్వస్థలమునకు మరలెను. వైద్యుడైన తన బంధువు మెరియాదెకుచే తన ఱొమ్మును పరీక్షింపజేసికొనెను. ఆ యువకుడు వినిపించిన లక్షణములన్నియు తాను పేరుపెట్టినవే. ఇతర రోగులకు మఱుగుపఱచిన యర్థము తనకు మఱుగుపడు నుపాయము లేకపోయెను. ఆ యేటి ఆగస్టు 13వ తేదీన, నలుబదియైదవయేట దివంగతుడయ్యెను. తన స్టెతస్కోపును ఆ బంధువునకే విడిచిపోయెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించునది యొక్కటి. వైద్యుని మాటకు రెండు ధర్మములు కలవు: నిజమును స్పష్టముగా తెలుపుట, వినువాని ప్రాణమును బెదరింపకుండుట. పరభాష చాటున దాగినచో రెండవది కొంత నెఱవేఱును, మొదటిది చెడును. రోగికి తెలిసిన మాటతోనే, ఆదరముతో, అతని స్థితిని చెప్పు వైద్యుడు రెండింటిని నిలుపును. తెలుగున వైద్యగ్రంథములు వ్రాయువారు పిల్లికూతల వంటి మాటలను పామరమని త్రోసివేయక చేరదీయుదురుగాక. ఉప్పు చిటపటను శాస్త్రమున కెక్కించిన లాయెనెక్ వారికి తోడునిలుచును.